వాతావరణ ఉపగ్రహాల్లోని పరికరాలు: నెల్లూరు, ప్రకాశం వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే నెల్లూరు దాకా మిద్దెలెక్కి చూస్తాం. ఆ రాకెట్ మోసుకెళ్లిన ఉపగ్రహంలో ఏ పరికరం ఉంది, అది మన వానను, గాలిని, సముద్రాన్ని ఎట్లా కొలుస్తుంది అన్న సంగతి మాత్రం మరుసటి రోజు పేపర్లో రెండు లైన్లు దాటదు. వాయుగుండాల కాలం వచ్చిందంటే, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆక్వా రైతులు, మత్స్యకారులు, కాలేజీ పిల్లలు అడిగే ప్రశ్నలే ఈ పేజీలో ఎక్కువ. జిల్లాల హద్దులు మారుతున్నాయి కాబట్టి నెల్లూరు, ప్రకాశం అన్నచోటల్లా పాత ఉమ్మడి జిల్లాలనే అనుకోండి. సూళ్లూరుపేట, శ్రీహరికోట కూడా మనవే అన్న లెక్కలో రాశాం.

శ్రీహరికోట నుంచి వెళ్లిన వాటిలో వాతావరణాన్ని చూసేవి ఏవి?

మొదట చెప్పుకోవలసింది కల్పన-1. 2002 సెప్టెంబరు 12న పీఎస్ఎల్వీ-సీ4 మీద వెళ్లింది. అప్పటికి దాని పేరు మెట్‌శాట్. 2003 ఫిబ్రవరిలో కొలంబియా నౌక ప్రమాదంలో కల్పనా చావ్లా చనిపోయాక ఆమె పేరు పెట్టారు. ఇస్రో కేవలం వాతావరణం కోసమే చేసిన మొదటి ఉపగ్రహం అది. అంతకుముందు ఇన్శాట్లు టీవీ, ఫోను, వాతావరణం అన్నీ ఒక్కటిగా మోసేవి.

ఇప్పుడు టీవీలో మనం చూసే మబ్బుల బొమ్మలు ఎక్కువగా ఇన్శాట్-3డీఆర్, ఇన్శాట్-3డీఎస్ తీసినవి. మొదటిది 2016 సెప్టెంబరు 8న, రెండోది 2024 ఫిబ్రవరి 17న జీఎస్ఎల్వీ మీద వెళ్లాయి. వీటి అన్న ఇన్శాట్-3డీ మాత్రం ఇక్కడి నుంచి పోలేదు. 2013 జులైలో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ రాకెట్ మీద వెళ్లింది. ఇవి కాక సముద్రాన్ని చూసే ఓషన్‌శాట్ వరుస, ఫ్రాన్స్‌తో కలిసి చేసిన మేఘా-ట్రోపిక్స్, మబ్బుల్లోంచి కూడా నేలను చూసే రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-04, 2025 జులై 30న నాసాతో కలిసి పంపిన నైసార్, ఇవన్నీ కోట నుంచి లేచినవే.

మన దగ్గర నుంచే పోయింది కదా, మన జిల్లాను ఇంకాస్త బాగా చూస్తుందా?

చూడదు. శ్రీహరికోట గుమ్మం మాత్రమే. ఇన్శాట్-3డీఎస్ భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కి.మీ. ఎత్తులో, 82 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలబడి ఉంటుంది. నెల్లూరు రేఖాంశం దాదాపు 80 డిగ్రీలు కాబట్టి మన ఆకాశంలో అది ఇంచుమించు దక్షిణాన ఉన్నట్టు లెక్క. ఢిల్లీని, కొలంబోను, బంగాళాఖాతాన్ని కూడా అదే కంటితో చూస్తుంది. అది పంపే సమాచారం ఢిల్లీలోని వాతావరణ శాఖకు, అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది. కింది కక్ష్యలో తిరిగే ఇస్రో ఉపగ్రహాల సమాచారాన్ని ఎక్కువగా అందుకునేది హైదరాబాద్ పక్కనున్న షాద్‌నగర్ కేంద్రం.

ఉపగ్రహం ఫోటో తీస్తుందా? అసలు ఏం కొలుస్తుంది?

ఈ ఒక్క జవాబు తలకెక్కితే మిగతా పేజీ సులువు. ఉపగ్రహం వానను చూడదు, గాలిని చూడదు, కాలుష్యాన్నీ చూడదు. కింది నుంచి పైకి వచ్చే వెలుగును, వేడిని, మైక్రోవేవ్ తరంగాలను కొలుస్తుంది. ఆ కొలత నుంచి వానను, గాలిని, కాలుష్యాన్ని లెక్క కడతారు. కొలతకూ లెక్కకూ మధ్య బోలెడు ఊహలుంటాయి. ఎవరైనా "శాటిలైట్‌లో ఇట్లా చూపిస్తోంది" అంటే, ఏ పరికరం, ఏ తరంగం అని అడగడం నేర్చుకోవాలి.

ఇన్శాట్-3డీ కుటుంబంలో రెండు ముఖ్య పరికరాలు. ఒకటి ఇమేజర్, దానికి ఆరు చానెళ్లు, అంటే ఆరు రకాల తరంగాలను విడివిడిగా చూస్తుంది. కంటికి కనిపించే వెలుగులో ఒకటి, దాని పక్కనే కంటికి కనపడని షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌లో ఒకటి. ఈ రెండూ 1 కి.మీ. వివరంతో చూస్తాయి, అంటే బొమ్మలో ఒక్కో చుక్క 1 కి.మీ. మేర నేలది. మధ్య ఇన్‌ఫ్రారెడ్ ఒకటి, వేడిని కొలిచే థర్మల్ ఇన్‌ఫ్రారెడ్ రెండు. వీటి వివరం 4 కి.మీ. ఆరోది నీటి ఆవిరిని పట్టుకునే చానెల్, 6.5 నుంచి 7.1 మైక్రోమీటర్ల మధ్య, 8 కి.మీ. వివరంతో. అంటే ఆ చానెల్లో ఒక్క చుక్క కింద ఒక ఊరు, దాని చుట్టూ పొలాలు, పక్క ఊరు కూడా పడిపోతాయి.

కెమెరా లాగా ఒక్క క్లిక్కుతో తీసే పని కాదిది. లోపల ఒక అద్దం అటూ ఇటూ ఊగుతూ భూమి బిళ్లను వరుసలు వరుసలుగా చదువుతుంది. ఒక పూర్తి చదువుకు అరగంట దాకా పడుతుంది. రెండు ఉపగ్రహాలను వేళలు మార్చి నడపడం వల్ల పావుగంటకో బొమ్మ వస్తోంది.

సౌండర్ అంటే శబ్దానికి సంబంధించిందా?

కాదు. లోతు కొలవడం అన్న అర్థంలో వచ్చిన మాట. ఇన్శాట్ సౌండర్‌కు 19 చానెళ్లు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ 15 మైక్రోమీటర్ల దగ్గర వేడిని బాగా పీల్చుకుంటుంది. ఆ తరంగం నడిబొడ్డున కొలిస్తే పై పొరల నుంచి వచ్చిన వేడే అందుతుంది. కొంచెం పక్కకు జరిగి కొలిస్తే ఇంకా కింది పొరలది అందుతుంది. అట్లా చానెల్ మారుస్తూ ఎంత ఎత్తులో ఎంత వేడి, ఎంత తేమ అన్న పట్టిక తయారు చేస్తారు. మచిలీపట్నంలోనో చెన్నైలోనో వాతావరణ శాఖ బెలూన్ వదిలి చేసే పని ఇదే. బెలూన్ కచ్చితంగా చెబుతుంది గానీ వదిలిన చోటికే చెబుతుంది, సముద్రం మధ్యలో వదిలేవాళ్లు లేరు. సౌండర్‌కు సముద్రమైనా ఒకటే, నేలైనా ఒకటే.

దాని లోటు మబ్బు. మబ్బు కమ్మితే ఇన్‌ఫ్రారెడ్ సౌండర్‌కు మబ్బు కిందిది కనపడదు. తుఫానులో మనకు కావలసింది సరిగ్గా అదే. అందుకే మైక్రోవేవ్ పరికరాలు వచ్చాయి. 2011 అక్టోబరు 12న వెళ్లిన మేఘా-ట్రోపిక్స్‌లో సాఫిర్ అనే పరికరం 183 గిగాహెర్ట్జ్ దగ్గర ఆరు చానెళ్లతో తేమను కొలిచేది. దాని కక్ష్య వంపు 20 డిగ్రీలే కాబట్టి ఉష్ణమండలం మీదే తిరుగుతూ రోజుకు చాలాసార్లు మన మీదుగా పోయేది. అందులోనే ఉన్న మద్రాస్ అనే వాన పరికరం మాత్రం 2013 మొదట్లోనే పాడైంది. ఉపగ్రహాన్ని 2023 మార్చి 7న పసిఫిక్ మీద గాలిలోకి దించి కాల్చేశారు. మన దేశానికి మైక్రోవేవ్ కొత్తేమీ కాదు. 1979లో రష్యా రాకెట్ మీద వెళ్లిన భాస్కర-1లోనే సమీర్ అనే మైక్రోవేవ్ రేడియోమీటర్ ఉంది.

టీవీ బొమ్మలో మా ఊరి మీద ఎర్రగా ఉంది. చుక్క వాన లేదు. ఎందుకు?

ఆ ఎరుపు వాన రంగు కాదు, మబ్బు నెత్తి ఎంత చల్లగా ఉందో చెప్పే రంగు. థర్మల్ చానెల్ మబ్బు పై అంచు వేడిని కొలుస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది కాబట్టి నెత్తి చల్లగా ఉంటే మబ్బు ఎత్తైనదని అర్థం. మైనస్ 70 డిగ్రీలుంటే అది పెద్ద ఉరుముల మబ్బే. కానీ ఆ మబ్బు పైభాగం గాలికి పందిరిలా పరుచుకుని పదుల కిలోమీటర్లు సాగుతుంది. గూడూరులో కుండపోత కురుస్తుంటే ఆ పందిరి కింద ఉన్న రాపూరులో ఎండ లేకపోవడం తప్ప ఇంకేమీ జరగకపోవచ్చు. బొమ్మలో రెండూ ఎర్రగానే ఉంటాయి.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది, మనకు అదే ఎక్కువ ముఖ్యం. ఈశాన్య రుతుపవనాల్లో సముద్రం మీద నుంచి వరుసగా వచ్చే మబ్బులు కొన్నిసార్లు మరీ ఎత్తుకు పోకుండానే గట్టిగా కురుస్తాయి. నెత్తి అంత చల్లగా ఉండదు కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలో లేత రంగే కనిపిస్తుంది. బొమ్మ చూసి ధైర్యపడ్డవాళ్లు తడిసి ఇంటికి చేరతారు. ఇట్లాంటప్పుడు చూడాల్సింది శ్రీహరికోటలోని డాప్లర్ రాడార్ బొమ్మ. రాడార్ మబ్బులోని నీటి చుక్కల మీదకే తరంగం పంపి తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. తీరం వెంబడి రాబోయే రెండు మూడు గంటల వానకు రాడార్ ముందు, ఉపగ్రహం తర్వాత. రేపటికి, ఎల్లుండికి, సముద్రం మధ్యలో ఏం పుడుతోందో తెలియడానికి ఉపగ్రహం ముందు.

సముద్రంలో తుఫాను గాలి గంటకు ఇన్ని కిలోమీటర్లు అని ఎట్లా చెబుతారు? అక్కడ కొలిచేవాళ్లెవరు?

చాలాసార్లు ఎవరూ ఉండరు. అందుకే రెండు దారులు.

మొదటిది మబ్బు ఆకారం చూసి అంచనా కట్టడం. అమెరికా వాతావరణ శాస్త్రవేత్త వెర్నన్ డ్వోరాక్ 1970ల్లో తయారు చేసిన పద్ధతి ఇది. మబ్బుల పట్టీ కేంద్రం చుట్టూ ఎంత మేర చుట్టుకుంది, నడుమ మబ్బు లేని కన్ను ఏర్పడిందా, ఆ కన్ను వేడికీ చుట్టూ ఉన్న మబ్బు చల్లదనానికీ తేడా ఎంత అని చూసి ఒక నంబరు ఇస్తారు. వాతావరణ శాఖ ఇంగ్లిష్ బులెటిన్లో టీ 2.5 అని కనిపించేది అదే. టీ 2.5 అంటే గాలి సుమారు 35 నాట్లు (సముద్రం మీద వేగం లెక్క), అంటే గంటకు 65 కి.మీ., తుఫాను స్థాయి మొదలు. టీ 3.5 అంటే సుమారు 55 నాట్లు, గంటకు 100 కి.మీ. దాటి, తీవ్ర తుఫాను. ఇది కొలత కాదు, అనుభవం మీద కట్టిన అంచనా. అయినా యాభై ఏళ్లుగా ప్రపంచమంతా దీన్నే వాడుతోంది. 1989 నవంబరులో థాయ్‌లాండ్ వైపు నుంచి మలయా ద్వీపకల్పం దాటి వచ్చి కావలి దగ్గర తీరం దాటిన ఆ పెను తుఫానును బంగాళాఖాతంలో రోజుల తరబడి అనుసరించింది ఉపగ్రహ బొమ్మల మీదే.

రెండోది స్కాటరోమీటర్. ఇది నిజంగా సముద్రం మీది గాలి కోసమే చేసిన పరికరం. కింది కక్ష్యలో తిరుగుతూ నీటి మీదకు రాడార్ తరంగం పంపుతుంది. గాలి లేకపోతే నీరు నున్నగా ఉండి తరంగం అవతలికి జారిపోతుంది. గాలి లేస్తే చిన్న చిన్న అలలు పుట్టి తరంగాన్ని వెనక్కి కొడతాయి. ఎంత వెనక్కి వచ్చిందన్నదాన్ని బట్టి వేగం, వేర్వేరు దిక్కుల నుంచి చూసి గాలి దిశ లెక్క కడతారు. ఓషన్‌శాట్-2లో 2009లో, స్కాట్‌శాట్-1లో 2016లో, ఈఓఎస్-06 (ఓషన్‌శాట్-3)లో 2022 నవంబరు 26న ఈ పరికరాన్ని పంపారు.

ఇక్కడ రెండు చిక్కులు. జోరు వాన ఈ తరంగాన్ని పాడు చేస్తుంది. నేల దగ్గరకొచ్చేసరికి నేల నుంచి వచ్చే ప్రతిధ్వని కలిసిపోయి తీరానికి ఆనుకుని ఉన్న నీటి కొలత పనికిరాదు. అంటే తుఫాను మన గుమ్మంలోకి వచ్చాక స్కాటరోమీటర్ చేతులెత్తేస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ చెన్నై, నెల్లూరు తీరాల వెంట నెమ్మదిగా పాకుతూ వచ్చి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అట్లా తీరాన్ని రాసుకుంటూ పోయే తుఫానుకు రాడార్లు, తీరంలోని గాలి కొలత కేంద్రాలే దిక్కు.

నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఆకాశమంతా మబ్బే. మునిగిన ఊళ్ల మ్యాపు ఎట్లా గీస్తారు?

సింథటిక్ అపెర్చర్ రాడార్‌తో. పొడుగ్గా ఉంటుంది కాబట్టి అందరూ సార్ అంటారు. ఈఓఎస్-04, యూరప్ వాళ్ల సెంటినెల్-1 ఈ రకానివి. సుమారు 5.6 సెంటీమీటర్ల తరంగాన్ని తామే కిందికి పంపుతాయి కాబట్టి వెలుగు అక్కర్లేదు, మబ్బు అడ్డం కాదు, రాత్రయినా ఒకటే. నిలిచిన నీరు తరంగాన్ని పక్కకు తోసేస్తుంది, అందుకే బొమ్మలో నల్లగా పడుతుంది. 2021 నవంబరులో సోమశిల నుంచి భారీగా నీరు వదిలి, కోవూరు వైపు హైవే, రైలు పట్టాలు దెబ్బతిన్నప్పుడు లాంటి సందర్భాల్లో హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఇట్లాంటి బొమ్మల నుంచే ముంపు మ్యాపులు తీస్తుంది.

పెన్నా డెల్టాలో ఒక మోసం ఉంది, బయటివాళ్లకు తట్టదు. మనకు వరదలొచ్చే నెలల్లోనే నాట్లు పడతాయి. దమ్ము చేసి నీరు పెట్టిన మడి కూడా రాడార్ బొమ్మలో నల్లగానే ఉంటుంది. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటలు సరేసరి, అవి ఏడాదంతా నలుపే. వరదకు ముందు తీసిన బొమ్మ పక్కన పెట్టి తేడా చూడకపోతే సగం మండలం మునిగినట్టు వచ్చేస్తుంది. ముంపు మ్యాపు ఎవరు చూపించినా ముందు బొమ్మ ఏ తేదీది అని అడగండి. పంట నష్టం లెక్కల్లో ఈ ఒక్క ప్రశ్నకు చాలా విలువ ఉంది.

దీనికి తిరకాసు ఇంకోటి: బాగా ఎదిగిన పైరు మొదళ్లలో నీళ్లు నిలిస్తే ఈ పొట్టి తరంగం ఆకుల దగ్గరే ఆగిపోతుంది, ముంపు కనిపించదు. నైసార్‌లోని 24 సెంటీమీటర్ల ఎల్-బ్యాండ్ తరంగం ఆకుల్లోంచి ఇంకా లోపలికి దూరుతుంది. 12 మీటర్ల వల లాంటి యాంటెన్నాతో 12 రోజులకోసారి అదే చోటును చూస్తుంది. వరద వచ్చిన రోజే మన మీదుగా పోవాలని లేదు కాబట్టి వరదకు అదొక్కటే చాలదు. నేల కుంగడం, గట్లు కదలడం లాంటి నెమ్మది మార్పులకు దాన్ని మించింది లేదు.

కృష్ణపట్నం వైపు థర్మల్ కేంద్రాల పొగ ఉపగ్రహానికి తెలుస్తుందా? నా ఊరి గాలి ఎంత చెడిందో చెబుతుందా?

మొదటి ప్రశ్నకు ఔను, కొంతవరకు. రెండోదానికి కాదు.

యూరప్ వాళ్లు 2017 అక్టోబరు 13న పంపిన సెంటినెల్-5పీలో ట్రోపోమీ అనే పరికరం ఉంది. గాలిలోంచి కిందికి దిగి, నేలను తాకి, మళ్లీ పైకొచ్చిన ఎండను అది వందల రంగులుగా విడదీస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్ కొన్ని రంగులను, సల్ఫర్ డయాక్సైడ్ ఇంకొన్నిటిని పీల్చుకుంటుంది. ఏ రంగు ఎంత తగ్గిందో చూసి ఏ వాయువు ఎంత ఉందో చెబుతారు. కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, ఓజోన్ కూడా దాని జాబితాలో ఉన్నాయి. ఒక్కో చుక్క 5.5 కి.మీ. పొడవు, 3.5 కి.మీ. వెడల్పు. ఒక్క రోజు బొమ్మలో అంకెల గజిబిజి ఎక్కువ, మబ్బు పడితే ఖాళీ. నెలల సగటు తీస్తే మాత్రం పెద్ద విద్యుత్ కేంద్రాలు, పెద్ద నగరాలు నైట్రోజన్ డయాక్సైడ్ మచ్చలుగా తేలతాయి. సల్ఫర్ అంత సులువుగా తేలదు. అది పట్టుబడే అతినీలలోహిత కాంతి కింది గాలి దాకా తక్కువే చేరుతుంది.

ఇక ఊరి సంగతి. ట్రోపోమీ చెప్పేది నేల నుంచి ఆకాశం అంచు దాకా నిలువునా మొత్తం ఎంత ఉందని. మన ముక్కు దగ్గర ఎంత ఉందని కాదు. పొగ గొట్టం ఎత్తులోనే పొగ సాగిపోతే కింద ముత్తుకూరులో గాలి బాగానే ఉండొచ్చు, నిలువు లెక్క మాత్రం ఎక్కువ చూపిస్తుంది. ఇంకోటి, ఈ ఉపగ్రహం మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. ఆ వేళకు ఎండకు గాలి బాగా కలిసిపోయి, సముద్రపు గాలి తిరిగి ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున కిందే పేరుకునే పొగ దాని కంట పడదు.

దుమ్ము, మసి విషయంలో నాసా వాళ్ల టెర్రా, ఆక్వా ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం వాడతారు. 36 చానెళ్లున్న ఈ పరికరం గాలిలోని నలుసులు ఎండను ఎంత చెదరగొడుతున్నాయో చెబుతుంది. మన తీరంలో ఆ నలుసుల్లో సముద్రపు ఉప్పు కూడా ఉంటుంది, అది ఏ ఫ్యాక్టరీ తప్పూ కాదు. తేమకు నలుసులు ఉబ్బి పెద్దవిగా కనిపిస్తాయి కూడా. అందుకని ఉపగ్రహ బొమ్మ పట్టుకుని ఫలానా ఊరి గాలిలో పీఎం 2.5 (మరీ సన్నని నలుసులు) ఇంత అని సోషల్ మీడియాలో పెట్టేవాళ్లను అంతగా నమ్మక్కర్లేదు. నేల మీద పెట్టిన కొలత యంత్రం ఉంటేనే ఆ అంకెకు బలం. కాలుష్యం మీద పోరాడేవాళ్లకు మా సలహా: ఉపగ్రహాన్ని ఏళ్ల తరబడి వచ్చిన మార్పు చూపించడానికి వాడండి, నిన్నటి గాలిని నిరూపించడానికి కాదు.

రొయ్యల గుంటలో ఆక్సిజన్ ఎంతుందో శాటిలైట్ చెబుతుందట కదా?

చెప్పదు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌కు పైనుంచి పట్టుకోగలిగే రంగు లేదు. ఉప్పు శాతం, అమ్మోనియా, విబ్రియో బాక్టీరియా, తెల్లమచ్చ తెగులు, ఇవేవీ మీ గుంట స్థాయిలో కనపడవు. అట్లా అమ్మజూపే యాప్ ఏదైనా వస్తే డబ్బు కట్టే ముందు అది ఏ పరికరంతో కొలుస్తోందో అడగండి.

కనిపించేది నీటి రంగు. సెంటినెల్-2 పది మీటర్ల వివరంతో చూస్తుంది కాబట్టి ఎకరం గుంట కూడా కొన్ని పదుల చుక్కలుగా పడుతుంది. నీరు పచ్చబడటం, బురదబారడం తెలుస్తుంది. ఏ గుంట నిండి ఉంది, ఏది ఎండగట్టారు అన్నది ఇంకా బాగా తెలుస్తుంది. ఆక్వా రైతుకు ఉపగ్రహం వల్ల అసలు లాభం వేరే చోట ఉంది: రేపు మబ్బు పడుతుందా లేదా అన్న ముందుమాట. ఎండ లేకపోతే నీటిలోని పచ్చ నాచు ఆక్సిజన్‌ను తక్కువగా తయారు చేస్తుంది, తెల్లవారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. వాయుగుండం వస్తోందని రెండ్రోజుల ముందే తెలిస్తే మేత తగ్గించి, ఏరేటర్లకు డీజిల్ సిద్ధం చేసుకోవచ్చు. కరెంటు పోతుందన్న టెన్షన్ ఎట్లాగూ తప్పదు.

చేపలు దొరికే చోటు అని ఫోనుకు వచ్చే సమాచారం ఏ పరికరం నుంచి?

హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది, తెలుగులో కూడా. రెండు కొలతలు కలుపుతారు. సముద్రం పైపొర వేడి ఒకటి. రెండోది క్లోరోఫిల్, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన పచ్చ నాచు. నాచును చూసేది ఓషన్ కలర్ మానిటర్. ఈఓఎస్-06లో దీనికి 13 చానెళ్లు. వేడినీరు, చల్లనీరు కలిసే గీత మీద నాచు ఎక్కువ, నాచును తినే చిన్న చేపలు అక్కడికి, వాటిని తినే పెద్ద చేపలు వెనకే. మబ్బు ఉంటే ఈ సమాచారం రాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి అప్పుడూ రాదు. చేపను చూసి చెప్పేది కాదు, చేప ఉండే అవకాశం ఉన్న నీటిని చూసి చెప్పేది.

పొదిలి, కనిగిరి వైపు కరువును ఉపగ్రహం పట్టుకుంటుందా? బోర్లలో నీళ్లు?

పైరు పచ్చదనాన్ని పట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్ర వెలుగును మింగి, దాని పక్కనున్న కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌ను వెనక్కి కొడుతుంది. ఆ రెండింటి తేడా నుంచి వచ్చే సూచికే ఎన్‌డీవీఐ. రిసోర్స్‌శాట్‌లోని ఆవిఫ్స్ అనే పరికరం దీన్ని 56 మీటర్ల వివరంతో ఇస్తుంది.

ప్రకాశం పడమర మండలాల్లో దీన్ని గుడ్డిగా చదివితే దెబ్బతింటాం. కంది ఎండిపోయినా పక్కన జామాయిల్, సుబాబుల్ తోటలు, గట్ల మీద చిల్లచెట్లు పచ్చగానే ఉంటాయి. మండలం సగటు తీస్తే కరువు లేనట్టే వస్తుంది. తోటలను పక్కకు తీసి పంట భూమికి మాత్రమే లెక్క వేయాలి. మండలాన్ని కరువు జాబితాలో చేర్చాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదే.

బోరు నీళ్లు ఏ ఉపగ్రహానికీ ఊరి స్థాయిలో కనపడవు. గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు 2002 నుంచి 2017 దాకా, వాటి వారసులు 2018 నుంచి, భూమి ఆకర్షణలో చిన్న మార్పుల ద్వారా భూగర్భ జలాల తరుగుదలను చెబుతున్నాయి. కానీ వాటికి మొత్తం రాయలసీమ, నెల్లూరు, ప్రకాశం కలిపితే ఒకటి రెండు చుక్కలు. ఫ్లోరైడ్ గురించి అడగనే వద్దు, దానికి నీరు సీసాలో పట్టి ల్యాబుకు పంపాల్సిందే.

గడ్డి కాల్చినా, నల్లమలలో మంట లేచినా తెలుస్తుందా?

అడవి మంట తెలుస్తుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు ఎండాకాలం లేచే మంటలను అమెరికా ఉపగ్రహాల్లోని వీర్స్ పరికరం 375 మీటర్ల చుక్కల్లో, మోడిస్ 1 కి.మీ. చుక్కల్లో పట్టుకుంటాయి. చుక్కలో కొంచెం భాగం మండినా చాలు, 4 మైక్రోమీటర్ల దగ్గర వేడి ఎగబాకుతుంది. మడిలో వేసిన చిన్న గడ్డి మంట, ఉపగ్రహం రాకముందే ఆరిపోతే లెక్కలోకి రాదు. పొగాకు బ్యారన్ లోపలి మంటకు పైకప్పు అడ్డం, అది దొరకడం కష్టం.

ఓజోన్ రంధ్రం మన మీద కూడా ఉందా?

లేదు, అది అంటార్కిటికా మీద అక్కడి వసంతకాలంలో ఏర్పడేది. దీన్ని 1985లో బయటపెట్టింది నేల మీది పరికరంతో కొలిచిన బ్రిటిష్ బృందం. అప్పటికే నింబస్-7 ఉపగ్రహం పైనుంచి చూస్తోంది. మరీ తక్కువ అంకెలు వస్తే అనుమానం అని గుర్తు పెట్టి పక్కన ఉంచారు. తర్వాత తిరిగి చూస్తే అవి నిజమే.

రాకెట్ పోతే వాన పోతుందంటారు. నిజమా?

కాదు. వాయుగుండం బలం ముందు రాకెట్ పొగ లెక్కలోకి రాదు. జరిగేది తిరగబడి: వాతావరణం బాగాలేకపోతే రాకెట్‌నే ఆపుతారు.

ఫోను యాప్‌లో మబ్బులు, గాలులు కదులుతూ కనిపిస్తాయి. అది ఉపగ్రహ బొమ్మేనా?

చాలా యాప్‌లలో తెరవగానే కనిపించే రంగుల గాలి గీతలు ఉపగ్రహం తీసినవి కావు, కంప్యూటర్ మోడల్ అంచనా. రేపటి వేళకు జరిపినా బొమ్మ కదులుతోందంటే అది అంచనాయే. రేపటి ఫోటో ఎవరి దగ్గరా ఉండదు. ఉపగ్రహ బొమ్మకు విడిగా ఒక పొర ఉంటుంది, అది నొక్కాలి. అందులోనూ మన ప్రాంతానికి యూరప్ వాళ్ల మెటియోశాట్ బొమ్మ వాడేవి ఉన్నాయి. అది 45.5 డిగ్రీల తూర్పున ఉండి మనల్ని పక్క నుంచి చూస్తుంది కాబట్టి ఎత్తైన మబ్బులు ఉన్నచోటు నుంచి కాస్త తూర్పుకు జరిగినట్టు కనిపిస్తాయి.

బొమ్మ మీది వేళ తప్పక చూడండి. యూటీసీ (ప్రపంచమంతా వాడే ఉమ్మడి వేళ) అని ఉంటే ఐదున్నర గంటలు కలపాలి. వాట్సాప్‌లో తిరిగే తుఫాను బొమ్మల్లో సగం పాతవి, కొన్ని వేరే దేశానివి.

డబ్బు కట్టకుండా ఎక్కడ చూడొచ్చు?

ఇన్శాట్ బొమ్మలు వాతావరణ శాఖ సైటులో, ఇస్రో వారి మోస్‌డాక్‌లో ఉంటాయి. నేల, చెరువులు, పంటల బొమ్మలకు ఇస్రో వారిదే భువన్ సైటు. మోడిస్, వీర్స్ రోజువారీ బొమ్మలు నాసా వరల్డ్‌వ్యూలో పాత తేదీలతో సహా దొరుకుతాయి. మీ ఊరి మీద 2015 నవంబరు వానల నాటి మబ్బును కూడా అందులో వెతకొచ్చు. సెంటినెల్ బొమ్మలకు యూరప్ వాళ్ల కోపర్నికస్ బ్రౌజర్ సైటు.

మా కాలేజీలో ఈ పరికరాలతో సంబంధం ఉన్న ప్రాజెక్టు ఏదైనా చేయొచ్చా?

వానమాపకం పెట్టండి. నాసా, జపాన్ 2014లో పంపిన జీపీఎం ఉపగ్రహం ఆధారంగా, ఇంకా ఎన్నో ఉపగ్రహాల మైక్రోవేవ్ కొలతలు కలిపి, ఇమెర్గ్ అనే వాన లెక్క అరగంటకోసారి, సుమారు 10 కి.మీ. గళ్లలో ఉచితంగా వస్తుంది. మీ వానమాపకం అంకెను మీ గడి అంకెతో పోల్చండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చేస్తే చాలు, ఏ రకం వానను ఉపగ్రహం తక్కువ చెబుతోందో, ఏ రకాన్ని ఎక్కువ చెబుతోందో మీకే తెలుస్తుంది. తీరంలో ఒకటి, ఉదయగిరి వైపు కొండల పక్క ఒకటి పెట్టగలిగితే ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త. మన వాతావరణ శాఖ వాన రోజు ఉదయం 8.30 నుంచి మరుసటి ఉదయం 8.30 దాకా. ఇమెర్గ్ రోజువారీ ఫైలు యూటీసీ రోజుకు, అంటే మన ఉదయం 5.30 నుంచి 5.30కి. అరగంట ఫైళ్లు తీసుకుని 8.30 నుంచి మీరే కూడుకోవాలి. లేకపోతే తెల్లవారుజాము వానంతా పక్క తేదీలో పడుతుంది.